యెంజెయ్ అనే మరుగుజ్జు

గొర్రెల పాలు పితికి యెంజెయ్ ఇంట్లోకి వచ్చేసరికి గుమ్మం దగ్గర కూతురు హన్కా సంచి ఉంది. దాన్ని చూశాడు. దాటుకుని లోపలికి వెళ్ళాడు. బూట్ల బురద కూడా విదల్చలేదు.

భార్య బ్రొంకా పుల్లటి క్యాబేజీ చారు ఎవరి గిన్నెలో వాళ్ళకు పోసింది. తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు ఆగి కొన్నాళ్ళయింది. ఇంటర్నెట్ పెట్టె తీగ ఊడబీకి ఆయన కోటు జేబులో వేసుకున్నాడు. ఆ పిల్ల ఈ పొద్దుటి బస్సుకే క్రాకోవ్‌లో పిన్ని ఇంటికి పోతానంటోంది, ఇక రానంటోంది.

గొడవంతా ఒక కంప్యూటర్ ఆట మీద. అందులో చేరేవాళ్ళు ముందు ఒక జాతిని ఎంచుకోవాలి. పొడుగు చెవుల ఎల్ఫ్‌లు ఉన్నారు, కొమ్ములవాళ్ళు ఉన్నారు, కొండలు తవ్వుకునే మరుగుజ్జులు ఉన్నారు. ఆ తర్వాత ఆ జాతి మనిషిలాగే మాట్లాడాలి, తిట్టాలి, బేరమాడాలి. హన్కా మరుగుజ్జును ఎంచుకుంది. దానికి తండ్రి పేరు పెట్టి, తమ కొండ యాసలో మాట్లాడిస్తోంది. యెంజెయ్ తలుపు అవతల నిలబడి అది విన్నాడు. ఆమెతో ఆడే పట్నపు కుర్రాళ్ళు పడీపడీ నవ్వడమూ విన్నాడు.

"ఆ పొట్టోడిని సెరిపేస్తే తీగ ఇస్తానని సెప్పు," అన్నాడు భార్యతో.

"సెరపనని సెప్పమ్మా," అంది హన్కా.

"నలుగురూ నవ్వడానికి నాయన పేరే దొరికిందా దీనికి?"

చారు చల్లారుతోంది, ముందు తినండి అంది బ్రొంకా. ఎవరూ చెంచా ముట్టలేదు.

హన్కా తండ్రి వైపు తిరిగింది. మొదట ఎల్ఫ్‌నే ఎంచుకున్నానంది. వెండి జుట్టు, రాణి వేషం. పట్నం మాట కూడబలుక్కుని మాట్లాడింది. ఎక్కడో యాస జారింది. ఈ రాణిగారి దగ్గర గొర్రెల కంపు వస్తోందన్నారు వాళ్ళు. నోరు మూసుకుని కొన్నాళ్ళు ఆడి, చివరికి ఆ రాణిని చెరిపేసింది.

"మరుగుజ్జునైతే నా నోరు నాకుంటాది నాయినా. ఇప్పుడు నేను తిడితే వాళ్ళకి బదులు రాదు. యెంజెయ్‌ని గుంపుకి పెద్దని సేసుకున్నారు. నువ్వు తలుపెనకాల నవ్వొకటే ఇన్నావు."

"నా పేరెందుకు?"

"ఆ మాటలన్నీ నీయే గనక. నువ్వే వాటిని వదిలేశావు. పై గదిలోకి పట్నమోళ్ళు దిగితే సాలు, ఆంజెయ్‌వి అయిపోతావు."

కొండ మీద యెంజెయ్ అనే పేరునే పట్నంలో ఆంజెయ్ అంటారు. ఇంటి ముందు అద్దె గది బోర్డు మీద ఉన్నది పట్నం పేరే.

"సిత్తమండీ, అలాగేనండీ అని వంగిపోతావు. సెవులు ఇంకాస్త సాగితే నువ్వే ఎల్ఫువి."

బ్రొంకాకు నవ్వొచ్చి మొహం పొయ్యి వైపు తిప్పుకుంది. యెంజెయ్ అరచెయ్యి బల్ల మీద పడింది. చారు ఒలికింది.

"పో. బస్సు దాటిపోద్ది."

హన్కా లేచింది. సంచి భుజాన వేసుకుని గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడే మెట్లు దిగి పై గదిలో అద్దెకున్న పెద్దమనిషి వచ్చాడు, మెడలో తువ్వాలుతో.

"ఆంజెయ్ గారూ, వేణ్ణీళ్ళు రావడం లేదండి."

యెంజెయ్ చటుక్కున లేచాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. పట్నం మాట నోటిదాకా వచ్చింది. గడియ మీద కూతురి చెయ్యి కదలడం లేదు. ఆమె వెనక్కి తిరగలేదు, వింటోంది.

"యెంజెయ్," అన్నాడు.

"ఏంటండీ?"

"నా పేరు. మాయమ్మ పెట్టింది. బాయిలర్ సల్లారింది, కట్టెలేస్తా. కూసేపాగు."

ఆ మనిషి పెదవి చివర నవ్వు మెదిలింది. యెంజెయ్ దాన్ని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పెద్దమనిషి తువ్వాలు సర్దుకుని పైకి వెళ్ళిపోయాడు.

యెంజెయ్ జేబులోంచి తీగ తీసి కూతురి గిన్నె పక్కన పెట్టాడు.

"ఆ పొట్టోడికి గడ్డముందా?"

"ఉంది." హన్కా గడియ వదిలి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. "నేల మీద జీరాడతాది."

"ఊఁ," అని ఆయన కట్టెలు తేవడానికి వెళ్ళాడు.

దిగువ రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి పోయింది. సంచి భుజాన్నే ఉంచుకుని హన్కా చల్లారిన చారు తాగుతోంది. కళ్ళనీళ్ళు అందులోనే పడుతున్నాయి. వేడి చెయ్యనా అని బ్రొంకా అడగలేదు.