ఆరువందల డెబ్బై అయిదేళ్ల రాయి

సోమవారం పొద్దున హిస్టరీ గది తలుపు తీసేసరికి రాయి లేదు. అసెంబ్లీ ముగిసేసరికి ప్రవీణ టీచర్ పరువూ లేదు.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక ఒక ప్రైవేటు హైస్కూలది. ఉప్పల్‌లో పూడ్చేసిన పాత బావి గట్టు రాయిని తొమ్మిదో తరగతి పిల్ల శుక్రవారం తాతతో కలిసి ఆటోలో తెచ్చింది. సన్నెకల్లంత రాయి. ఒకవైపు అంకెలు చెక్కి ఉన్నాయి. సోమవారం పాఠంలో చూపిద్దామని ప్రవీణ టీచర్ దాన్ని గోనెసంచిలో చుట్టి గదిలో పెట్టి, తాళం వేసింది.

తాళం పగల్లేదు. రాయి మాత్రం మాయం.

కరస్పాండెంట్ ఉమాశంకర్ ఆగలేదు. పిల్లలందరి ముందు మైకులో అనేశాడు. "తాళంచెవి మేడమ్ దగ్గరే ఉంది. దొంగ మేడమే. ఇగ మేడమ్ బడికి రానక్కర్లేదు."

ఎస్సై దుర్గేష్ వచ్చాడు. కుర్చీ వేశారు. కూర్చోలేదు. కేసు తేలేదాకా ఆయన కాళ్లు ఒక్కచోట నిలవవు.

"ఇంకో తాళంచెవి ఉందా సార్?"

"ఆఫీసుల ఉంది. వాచ్‌మన్ హనుమాండ్లు, కోఆర్డినేటర్ తేజేష్, ఇద్దరే ముట్టుకుంటరు. వాళ్లకు రాయితోని పనేంది?"

తేజేష్ లెక్కల మాస్టారు. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో వారానికి రెండు హిస్టరీ పీరియడ్లు లాక్కున్నదీ ఆయనే.

కానిస్టేబుల్ ఫోన్ చూపించాడు. ఆన్‌లైన్‌లో ప్రకటన. అంకెలు కనబడకుండా తీసిన రాయి ఫొటో. కింద ఒక్క లైను: "675 ఏళ్ల నాటి అరుదైన శిల." ఇచ్చిన నంబరు స్విచాఫ్.

"సూసిన్రా?" ఉమాశంకర్ గెలిచినట్టు అన్నాడు. "పాత రాళ్ల విలువ హిస్టరీ టీచర్‌కు గాక ఎవరికెరుక?"

దుర్గేష్ ఫోన్‌లో ఫొటోను మరోసారి చూశాడు. వరండాలోకి వెళ్లాడు. బెంచీ మీద ప్రవీణ కళ్లు తుడుచుకుంటోంది.

"నౌకరీ పోతె పోనీ సార్. పిల్లల ముందట నన్ను దొంగ అన్నరు. రేపు బజార్ల ఎదురుపడితె వాళ్ల మొహం ఎట్ల సూడాలె?"

"రాయి మీద ఏం రాసుంది మేడమ్?"

ఆమె చెప్పింది. దాని అర్థమూ చెప్పింది.

దుర్గేష్ కాళ్లు మొదటిసారి ఆగాయి.

అందరినీ స్టాఫ్‌రూమ్‌కు పిలిచాడు.

"హనుమాండ్లూ, రాయి సూసినవా?"

"గోనెసంచి సూసిన సార్. లోపల ఏముందో నాకేం ఎరుక?"

"తేజేష్ గారూ, మీరు?"

"లేదు సార్. ఆ గదిలోకే పోను. హిస్టరీకీ నాకూ పడదు."

"అయితే ఎవ్వరూ ఫికర్ చెయ్యకున్రి. అది 1940ల పెట్టిన రాయంట. పారేసినా ఏరుకునేటోడు లేడు."

తేజేష్ మొహం మాడిపోయింది.

"1940 ఏంటి సార్? ఎవరు చెప్పారు? దాని మీద 1350 అని స్పష్టంగా ఉంటే!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ సంగతి తేజేష్‌కు ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది.

"సూడలేదన్నరు కదా?" దుర్గేష్ మెల్లగా అడిగాడు.

తర్వాత ఉమాశంకర్ వైపు తిరిగాడు.

"సార్, పాత సామాన్లు అమ్మెటోళ్లు ఏడువందల ఏండ్లు అంటరు. 675 అనరు. 2025 లకెల్లి 1350 తీసేసినోడు లెక్కల మనిషి. లెక్క కరెక్టే. సంవత్సరమే తప్పు."

"తప్పేంది?" ఉమాశంకర్ అడిగాడు.

జవాబు ప్రవీణ చెప్పింది. "అది ఫసలీ లెక్క సార్. నిజాం జమానాల సర్కారు కాగితాల మీద గా సంవత్సరమే రాసేటోళ్లు. 590 కలిపితే మన 1940 వస్తది. ఈ ముచ్చటే ఇయ్యాల పిల్లలకు చెప్పుదామనుకున్న."

"ఈ సంగతి ఎరుకున్న మనిషి ఆ రాయిని ఎందుకు దొంగిలిస్తది సార్?" అన్నాడు దుర్గేష్.

తేజేష్ కారు డిక్కీలో, స్టెప్నీ పక్కన దొరికింది రాయి. సాయంత్రం పీర్జాదిగూడలో ఎవరికో అప్పగించాల్సి ఉందట. జీపెక్కుతూ కూడా అతను ఒకటే అడుగుతున్నాడు. "నిజంగా దానికేం రాదా సార్?"

ఉమాశంకర్ ప్రవీణ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఏమనుకోకున్రి మేడమ్. రేపటి సంది రాన్రి."

"ఈ మాట నా చెవుల చెప్తే సరిపోదు సార్. దొంగ అన్నది మైకుల."

ఆయన మొహం కందగడ్డ అయింది. ఇటు చూశాడు, అటు చూశాడు. దుర్గేష్ కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాడు, ఏమీ విననట్టు.

లంచ్ బెల్లు కొట్టకముందే పిల్లల్ని మళ్లీ గ్రౌండులోకి పిలిచారు. ఎండలో వరసలు కట్టారు. ఉమాశంకర్ మైకు పట్టుకున్నాడు.

"పొద్దున నేను ప్రవీణ మేడమ్‌ను దొంగ అన్న. అది తప్పు. ముందు వెనక అరుసుకోకుంట అన్న. మేడమ్, మాఫ్ చెయ్యున్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తొమ్మిదో తరగతి వరస మాత్రం చెదిరిపోయింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆమెను చుట్టేసుకున్నారు. పీఈటీ మాస్టారు విజిల్ ఊదుతూనే ఉన్నాడు. ఒక్కరూ వినలేదు. ప్రవీణ తల ఎత్తి, ఒక్కొక్కరి మొహం కళ్లారా చూసింది.