వాయ్ పెలాటె రాతి మీద నిద్ర

చర్చిలో సందె గంట కొట్టాక వాయ్ పెలాటె ఒడ్డున పసిబిడ్డని పేరు పెట్టి పిలవకూడదంటారు మా లెంబాటా దీవిలో. అక్కడ నల్ల ఇసుక కింద నిప్పుకొండ ఇంకా మండుతూనే ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య గుంటలో నీళ్ళు వెచ్చగా నిలుస్తాయి. ఆ గుంటలో కొండముసలమ్మ ఉందని... జోల పాడుతుందని...

మా అమ్మ పెనీ చెప్పగా విన్నదే ఇది. దేవుడి ఎదుట ఒక్క మాట కలపను.

బాలింతకి నలభయ్యో రోజున ఆ గుంటలో స్నానం. మోకాళ్ళ మీద కూర్చుని నడుం దాకా మునగాలి. బిడ్డని పక్కనే, నీళ్ళకి జానెడు ఎత్తున ఉన్న చదును రాతి మీద పడుకోబెట్టాలి. ఏడ్చే బిడ్డ నిద్రపోతే ముసలి దీవించినట్టు. కొందరు మళ్ళీ లేవరు — ముసలి ఉంచేసుకున్నట్టు. ఫాదర్ వద్దన్నా ఎవరూ మానలేదు. అమ్మ తొలి కాన్పు బిడ్డ, మా అక్క, అలాగే లేవలేదు.

రెండో కాన్పు మా అన్న బోలీ. ఆ నలభయ్యో రోజు సాయంత్రం ఆకు కదలడం లేదు. వెంట మా నానమ్మ బారెక్ వచ్చింది.

"అత్తా, వీణ్ణి ఒళ్ళో పెట్టుకుంటాను..." గొంతు తగ్గించి అంది అమ్మ.

"నేను ఏడుగుర్ని పడుకోబెట్టానే. అయిదుగుర్ని ఇచ్చింది, ఇద్దర్ని ఉంచుకుంది. అడిగానా? నువ్వొక్కదానివే కన్నావా కొడుకుని?"

అమ్మ పడుకోబెట్టింది. తలాపున కొబ్బరినూనె దీపం పెట్టింది. రాళ్ళ సందుల్లోంచి సన్నగా... ఉస్స్‌మని జోల. బోలీ ఏడుపు తగ్గింది. మూలుగైంది. ఆగింది.

"చూశావా," అంది నానమ్మ తృప్తిగా, "నిద్రపోయాడు."

అప్పుడే దీపం కుంచించుకుపోయింది. గాలి లేదు. నూనె నిండుగా ఉంది. ఎవరో నోటితో మెల్లగా ఊదినట్టు — ఆరిపోయింది.

వచ్చేసింది, అనుకుంది అమ్మ. బిడ్డని లాక్కుని, తల కన్నా పైకెత్తి, రాళ్ళెక్కి పరిగెత్తింది.

"పడుకున్నవాణ్ణి లేపుతావే పాపిష్టిదానా," అంటూనే ఉంది వెనక నానమ్మ.

చేతుల్లో బిడ్డ తడిగుడ్డలా వేలాడుతున్నాడు. గట్టెక్కాక సముద్రపు గాలి తగిలింది. ఒక ఎక్కిలి... ఇంకొకటి... ఆ తర్వాత ఏడుపు.

ముసలి నోట్లోంచి కొడుకుని లాక్కొచ్చిందని ముప్పయ్యేళ్ళు చెప్పుకున్నారు అమ్మ గురించి.

ఆ తర్వాత, ఈతకి వచ్చేవాళ్ళ కోసం నీళ్ళు పరీక్ష చెయ్యడానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. సీసాల్లో పట్టి చూసి నీళ్ళలో దోషమేమీ లేదన్నాడు. తర్వాత ఒక దీపం వెలిగించి ఆ రాతి మీదికి దించాడు. ఆరిపోయింది. పైకెత్తి వెలిగించి మళ్ళీ దించాడు... ఆరిపోయింది.

"కొండ వదిలే గాలమ్మా ఇది. మామూలు గాలి కన్నా బరువు. గాలి ఆడని పూట గుంటలో నిలిచిపోతుంది. తల పైకి ఉన్నవాళ్ళకి ఏం కాదు. కింద పడుకుంటే ఊపిరి అందదు."

"అయితే ముసలి లేదా బాబూ?" అంది అమ్మ.

"లేదమ్మా, భయపడకండి," నవ్వాడాయన.

అమ్మ వంగి ఆ రాతి మీద చెయ్యి వేసింది.

"మా పెద్దదాన్ని ఇక్కడ పడుకోబెట్టింది నేనే," అంది మెల్లగా. "ఎంత ఏడ్చిందో... నిద్రపోయిందిలే అని, తీరిగ్గా తల రుద్దుకున్నాను."