లిఫ్ట్ మెకానిక్ చిన్న ఫోను

“ఎత్తని ఫోను మీకెందుకండీ?”

నాలుగంతస్తుల మెట్లూ దిగి వచ్చిన ఆ అమ్మాయి లిఫ్ట్ మెకానిక్‌తో అన్న మొదటి మాట అది. అప్పటికే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన తండ్రి రెండు గంటలుగా కింద వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లిఫ్ట్ పనిచేయడం లేదు. మెకానిక్‌కు ఆమె తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది.

అతను చొక్కా జేబులోంచి ఫోను తీసి చూపించాడు. గుప్పిట మూస్తే కనబడనంత చిన్నది.

“ఛార్జింగ్ అయిపోయింది మేడం.”

“మధ్యాహ్నం రెండింటికేనా?”

“దీనికి రెండంటే ఎక్కువే. ఒక్కోరోజు పన్నెండుకే పడుకుంటుంది.”

“నవ్వులాటగా ఉందా మీకు?”

“లేదండీ. లిఫ్ట్ గోతిలో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ మాట్లాడాలి. పెద్ద ఫోన్లు రెండు ఆరో అంతస్తు నుంచి పడి ముక్కలైపోయాయి. ఇది నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ లేచింది.”

“మా నాన్న పడితే లేవలేరు. ముందు లిఫ్ట్ సంగతి చూడండి.”

నలభై నిమిషాల్లో లిఫ్ట్ కదిలింది. ముప్ఫై ఏళ్ళు బస్సు క్లచ్ తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న ఆ పెద్దాయన లిఫ్ట్ ఎక్కుతూ, “కుర్రాడు పనిమంతుడేనమ్మా” అన్నాడు.

“ఫోనెత్తితే ఇంకా పనిమంతుడయ్యేవాడు” అంది కూతురు.

లిఫ్ట్ పాతది. నెలకు రెండుసార్లు మొరాయించేది. అతను వచ్చేవాడు, ఆమె తిట్టేది. కొన్నాళ్ళకు లిఫ్ట్ బాగున్న రోజుల్లో కూడా అతను రావడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం తిట్టడం మానలేదు. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేయడం ఆమె పని. పగలంతా కస్టమర్లతో ఓపిగ్గా మాట్లాడి, దాచుకున్న కోపమంతా సాయంత్రం అతని ఫోను మీద కుమ్మరించేది.

ఆమె ఫొటో పంపితే అందులో వేలిముద్రంత కనిపించేది. టైప్ చేయబోతే అతని బొటనవేలు ఒకేసారి మూడక్షరాల మీద పడేది. అందుకని ఆమె ఎంత పొడుగు మెసేజ్ పెట్టినా అటునుంచి “ఓకే” అనే రెండక్షరాలే వచ్చేవి.

“అసలు నేను రాసేది చదువుతున్నావా?”

“చదువుతున్నా. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కదిలిపోతున్నాయి.”

“ఫోను మార్చు.”

“మారిస్తే నువ్వు దేన్ని తిడతావు?”

ఒక్కటి మాత్రం ఆమె ఒప్పుకునేది. ఆ ఫోనులో మాట గంట కొట్టినట్టు వినిపించేది. అందులో చూడటానికి ఇంకేమీ లేదు కాబట్టి ఆమె మాట్లాడినంతసేపూ అతను వినేవాడు. ఒక వాన సాయంత్రం బస్‌స్టాప్‌లో అతను ఫోను ఆమె అరచేతిలో పెట్టి, తడవకుండా పట్టుకోమన్నాడు. ఆమె గుప్పిట మూసింది. దాని మీద అతని గుప్పిట మూసుకుంది. ఆ ఒక్కరోజూ తిట్లు లేవు.

ఆరు నెలలయ్యాక ఆమె తండ్రితో చెప్పింది. ఆయన “ఆదివారం రమ్మను” అన్నాడు. ఆమె ఫోన్ చేసింది. యథాప్రకారం కలవలేదు. మెసేజ్ పెట్టింది. కాసేపటికి “ఓకే” అని వచ్చింది.

ఆదివారం పది కాకముందే తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పదకొండయింది. పన్నెండయింది. ఫోను స్విచాఫ్.

“లిఫ్ట్ ఆగిపోయిందేమో చూడమ్మా” అన్నాడు తండ్రి.

లిఫ్ట్ భేషుగ్గా తిరుగుతోంది. ఒంటిగంటకు ఆయన లేచి, చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ఆ చొక్కాను చూస్తే ఆమెకు ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు సెలవు పెట్టి అతను పనిచేస్తున్న కొత్త బిల్డింగ్‌కు వెళ్ళింది. చేతినిండా గ్రీజుతో అతను బయటికి వచ్చాడు.

“నిన్న ఎందుకు రాలేదు?”

“వెక్కిరిస్తున్నావా?” అతని గొంతు కూడా లేచింది. “వద్దన్న ఇంటికి ఏ మొహం పెట్టుకుని రావాలి?”

“ఎవరు వద్దన్నారు?”

“మీ నాన్న. నువ్వే రాశావు. అదీ మెసేజ్‌లో.”

జేబులోంచి ఫోను తీసి ఆన్ చేసి ఆమె ముందు పెట్టాడు. ఆమె చూసింది.

“చదువు” అంది.

“నాన్నకు మన సంగతి చెప్పాను. నిన్ను వద్దన్నారు.”

“మళ్ళీ చదువు.”

అతను నుదురు ముడిచాడు. ఫోను దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు, వెలుతురు వైపు తిప్పాడు. షాపులో రోజూ ఆమె ముందు కూర్చునే పాతికమంది చేసే పనే అది. ఆరు నెలలుగా ఫోనును తిట్టడంలో పడి అతని కళ్ళను ఆమె చూడనేలేదు.

“పద” అంది.

“ఎక్కడికి?”

“షాపుకి. మాట్లాడావంటే ఊరుకోను.”

చీకటి గదిలో కూర్చోబెట్టి అద్దాలు ఒక్కొక్కటే మార్చింది. రెండు కళ్ళకూ సిలిండర్ పవర్ ఉంది, అక్షరాలను అలికినట్టు చూపించే దోషం.

“తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి?”

“చిన్నప్పట్నుంచి. అందరికీ ఇంతే అనుకున్నా.”

అతని చిన్న ఫోనునే ఆమె మళ్ళీ అతని చేతికిచ్చింది. పరీక్ష ఫ్రేములోంచి అతను చాలాసేపు చూశాడు.

“నిన్ను రమ్మన్నారు” అని మెల్లగా చదివాడు. తెరలో పట్టక కిందే ఉండిపోయిన మిగతా వాక్యాన్ని వేలితో జరిపాడు. “ఆదివారం పదింటికి. నీలం చొక్కా వేసుకో.”

తల వంచుకున్నాడు. “సారీ.”

“తప్పు చదివినందుకు కాదు నా కోపం. వద్దన్నారనుకుని ఊరుకున్నావు చూడు, అందుకు. లిఫ్ట్ ఆగితే ఎందుకాగిందని పూటంతా దాని చుట్టూ తిరుగుతావు. నా విషయంలో ఎందుకని ఒక్క మాట అడగలేదు.”

“అవమానంగా అనిపించింది. ఫోన్ నేనే ఆపేశాను. ఈసారి తప్పు దానిది కాదు, నాది. నువ్వు లేకుండా ఉండి చూశాను. నా వల్ల కాలేదు. ఇవాళ సాయంత్రం మీ ఇంటికి వచ్చేవాణ్ణి.”

“అబద్ధం.”

“రేపు వచ్చేవాణ్ణి.”

ఆమెకు నవ్వు వచ్చింది గానీ పెదవి కొరికి ఆపుకుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చి చెప్పిన సంగతంతా తండ్రి స్టూలు మీద కాలు చాపుకుని విన్నాడు.

“అప్పుడు నేను వద్దనలేదు. ఇప్పుడంటున్నాను. వద్దు. వెళ్ళిరా.”

కూతురు నిర్ఘాంతపోయింది. అతను ఒక క్షణం నిలబడి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

“ఎందుకో చెప్పండి అంకుల్. నాలో ఉన్న తప్పయితే దిద్దుకుంటాను. చెప్పకపోతే మాత్రం లేవను.”

“మూడు గంటలు కూర్చోబెట్టావు నన్ను.”

“నేను ఆరు గంటలు కూర్చుంటాను.”

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

“ఇంకో ప్లేటు పెట్టమ్మా. ఆకలి మీదున్నవాణ్ణి తిడితే నాకు తృప్తిగా ఉండదు.”

ఆమె ప్లేటు తెచ్చి టేబుల్ అదిరేలా పెట్టింది. తనూ కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

“ముందు నువ్వు తిట్టు నాన్నా. తర్వాత నేను” అంది.