వజ్ర గట్టిదా, వెన్నెల గట్టిదా?

అంగారకుడి మీది నవకాకినాడలో ఇద్దరు మనుషులు కొత్తగా పరిచయమైతే ముందు అడిగేది పేరు కాదు, ఊరు కాదు. "మీది ఎంత?" అని అడుగుతారు. అరవై మూడు అంటే పక్కన కుర్చీ చూపిస్తారు. అరవై ఏడు అంటే లేచి తమ కుర్చీయే ఇస్తారు. యాభైల్లో ఉన్నవాళ్లు ఆ ప్రశ్న వినబడనట్టు నగరాన్ని కప్పిన గాజు గుమ్మటం వైపు చూస్తూ, ఇవాళ బయట ధూళి ఎక్కువగా ఉందండీ అంటారు.

ఆ అంకె మనిషిది కాదు, నాణెంది. భూమి నుంచి వలస వచ్చిన తొలి కుటుంబాలకు తలా ఒక్క లోహపు జ్ఞాపిక తెచ్చుకోవడానికి అనుమతి దొరికింది. చాలామంది ఇంట్లో ఏ మూలో పడి ఉన్న చిల్లర నాణెమే పట్టుకొచ్చారు. భూమ్మీద అప్పటికే నాణెం చెల్లడం మానేసింది, అంగారకుడి మీద అసలు చెల్లనేలేదు. ఏ పనికీ రాని వస్తువు కాబట్టే అది మెల్లగా వంశగౌరవమై కూర్చుంది. గౌరవం అన్నాక కొలవకపోతే మనవాళ్లకు నిద్ర పట్టదు కదా. గీతలెన్ని, అరుగుదల ఎంత, ముద్ర వేసిన నాటి మెరుపు ఎంత మిగిలింది అని పరీక్షించి డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేసే సంస్థలు రెండు వెలిశాయి. ఒకటి వజ్ర, రెండోది వెన్నెల. వజ్ర మార్కులు సవతితల్లి పెట్టే అన్నంలా ఉంటాయనీ, వెన్నెల మార్కులు అమ్మమ్మ వడ్డనలా ఉంటాయనీ ఊరంతా గట్టి నమ్మకం.

ఆ నమ్మకంలో నిజమెంతో నిగ్గు తేల్చే పనిని వలసను పాలించే సభ, కొలతల శాస్త్రవేత్త డాక్టర్ కొచ్చెర్ల సుభాషిణికి అప్పగించింది. ఆమే అడిగి మరీ తీసుకుంది అనడం న్యాయం. సభకు ఆమె చెప్పిన కారణం శాస్త్రీయమైనదే. చెప్పని కారణం మాత్రం పక్క బల్ల దగ్గర కూర్చునే తిరునగరి వకుళ.

వకుళ లోహశాస్త్రవేత్త. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే ప్రయోగశాలలో చేరి, ఒకే డబ్బాలోంచి ఆవకాయ కలుపుకుని తిన్నవాళ్లు. ఇద్దరి ఇళ్లలోనూ ఉన్నది పది రూపాయల నాణెమే, బంగారు రంగు అంచు, మధ్యలో వెండి రంగు బిళ్ల. సుభాషిణి నాణేనికి వజ్ర అరవై ఒకటి వేసింది. వకుళ నాణేనికి వెన్నెల అరవై ఏడు వేసింది. ఆ సంతోషంలో వకుళ ఇంటికి భోజనానికి పిలిచింది. సుభాషిణి గాజుపెట్టెలోని నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మెరుపు బాగుందే. చింతపండుతో తోమించావా?" అంది.

నాణేల వాళ్లకు ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఇత్తడి చెంబు తోమినట్టు నాణేన్ని తోమితే కంటికి తళతళలాడుతుంది గానీ పై పొర లేచిపోయి పరీక్షలో పరువు పోతుంది. వకుళ వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. వెన్నెల చేతికొచ్చినట్టు మార్కులు పంచుతోందని ఒక్కసారి రుజువైతే చాలు, ఆ రోజు తానన్నది నిజమేనని వకుళ ముందు తల ఎత్తుకోవచ్చన్నది సుభాషిణి ఆశ.

రెండు సంస్థలను పోల్చడం పైకి కనిపించినంత తేలిక కాదు. పోల్చాలంటే ఒకే నాణేన్ని రెండు చోట్లా చూపించాలి. ఒకచోట నాలుగు చేతులు పడి వచ్చిన నాణేనికి రెండోచోట మార్కు తగ్గితే, ఆ గీత అక్కడ పడిందే అంటారు వీళ్లు, ఇక్కడ పడలేదంటారు వాళ్లు. ఈ చిక్కు విప్పడానికి సుభాషిణి కనిపెట్టిందే నిగ్గుయంత్రం. అందులోని అణుస్కానర్ నాణెంలో ఏ అణువు ఎక్కడుందో చదువుతుంది. పక్కనున్న ముద్రకం అదే వరుసలో కొత్త అణువులు పేర్చి కవల నాణేన్ని తయారు చేస్తుంది. అసలుకూ కవలకూ తేడా బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కవలలు దొంగనాణేలుగా బజారున పడకుండా కొన్నాళ్లకు వాటిని వెనక్కి రప్పించి పొడి చేసే ఏర్పాటు కూడా ఉంది. ఒక కవల వజ్రకు, ఇంకో కవల వెన్నెలకు ఒకే సమయంలో వెళ్తాయి కనుక సాకులకు చోటు లేదు.

లోహాల సంగతి తెలిసిన మనిషి లేకుండా ఈ పని సాగదు కాబట్టి వకుళ కూడా అందులో భాగస్వామే. మాట్లాడుకోని ఇద్దరి మధ్య మాటలు మోసే పని యంత్రం మీద పడింది. నిగ్గూ, ఆవిణ్ణి ఆ లేజరు కాస్త ఆపమను అని ఈవిడంటే, ఆపడం తనకు తెలుసని చెప్పు అని ఆవిడనేది. మూడడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరికీ యంత్రం విసుగు లేకుండా అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది.

పరీక్షలన్నీ ముగిశాక యంత్రం ఫలితం చెప్పింది.

"రెండు సంస్థల కాఠిన్యంలో తేడా లేదు, డాక్టర్ గారూ. కవలలకు రెండూ ఒకే మార్కు వేశాయి."

మరి ఊరంతా ఎందుకలా అనుకుంటోందని సుభాషిణి నిలదీసింది.

"వెన్నెల వాళ్లు కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మార్కు చెబుతారు. వజ్ర వాళ్లు నిలబెట్టి చెబుతారు. నాకు దొరికిన తేడా అదొక్కటే."

సుభాషిణి మనసులో లెక్క వేసుకుంది. వజ్ర కఠినం కాకపోతే తన అరవై ఒకటి అరవై ఒకటే. వెన్నెల ఉదారం కాకపోతే వకుళ అరవై ఏడు నిఖార్సైన అరవై ఏడు. అప్పుడు తానన్న చింతపండు మాట ఉత్త ఓర్వలేనితనంగా మిగులుతుంది, క్షమాపణ అడగాల్సింది తానే అవుతుంది. ఆ ముక్క గొంతు దిగలేదు. యంత్రం ఆ సంస్థలతో కుమ్మక్కయింది, తన కన్ను చూడాల్సినవి ఇంకా ఉన్నాయి అనుకుంది.

"వకుళ నాణెం కవలను నా ముందు పెట్టు. నేనే మార్కు వేస్తాను."

"పరీక్ష నియమాల ప్రకారమే పెట్టాలా?"

"నియమాల ప్రకారమే. ఆ నియమాలు రాసిందే నేను," అంది సుభాషిణి విసురుగా.

తిరునగరి వకుళ అని పేరున్న పళ్లెం ముందుకు వచ్చింది. సుభాషిణి భూతద్దం కంటికి బిగించుకుని, అత్తగారు కొత్తకోడలి వంట రుచి చూసినంత శ్రద్ధగా నాణేన్ని పరీక్షించింది. చూసినకొద్దీ ఆమె ముఖం విప్పారింది.

"యాభై నాలుగు," అంది చివరికి, పక్క బల్లకు వినబడేలా. "అంచు చూడు, రుద్దిన గీతలు. చింతపండు అన్నానా లేదా? ఏటేటా పండక్కి పూజ సామానుతో కలిపి తోమేసి ఉంటారు. సింహాల మూతులు అరిగి పిల్లుల్లా ఉన్నాయి."

పక్క బల్ల దగ్గర కుర్చీ కదిలింది.

"నిగ్గూ, ఆవిడకి చెప్పు," అంది వకుళ. "పొద్దున్న నేనూ ఆవిడ నాణెం అడిగి చూశాను. యాభై రెండు వేశాను. తోమింది వాళ్లు, మేం కాదు."

యంత్రం ఈసారి ఆ మాట మోయలేదు.

"పరీక్షలు ముగిశాయి కాబట్టి ఒక సంగతి చెప్పాలి. యజమాని పేరు చూసి పరీక్షకులు మొగ్గకూడదని, పళ్లేల మీద పేర్లు తారుమారు చేయాలని ఒక నియమం ఉంది. మీరిద్దరూ సంతకం పెట్టిన నియమమే. సుభాషిణి గారు చూసింది సుభాషిణి గారి నాణేన్నే. వకుళ గారు చూసింది వకుళ గారి నాణేన్నే."

తరతరాలుగా ఇంట్లో ఉన్న నాణేన్ని ఇద్దరూ చుట్టాలకు చూపించి మురిసిపోయారే గానీ, భూతద్దం పెట్టి ఏనాడూ చూడలేదు. ఇక గుర్తుపట్టడం ఎక్కడిది?

"ఈ వలసలో వజ్ర కన్నా, వెన్నెల కన్నా గట్టి పరీక్షకులు ఈ గదిలోనే ఇద్దరున్నారు," అని యంత్రం తన లెక్క తాను చెప్పుకుపోయింది. "పేరు మారితే చాలు, సుభాషిణి గారు ఏడు మార్కులు కోశారు, వకుళ గారు పదిహేను. మొదటి స్థానం వకుళ గారిది."

ఏడే అని విని సుభాషిణికి ఆ అవమానంలోనూ కాస్త గర్వం కలిగింది. ఆ గర్వం తన ముఖంలో కనబడుతోందని వకుళ చూపు చెప్పేసింది. ముందు వకుళకే నవ్వు ఆగలేదు.

"మా తాత తెచ్చిన నాణేనికి నేనే యాభై రెండు వేశానుటే?"

ఆ 'టే' యంత్రానికి కాదు, తనకే. సుభాషిణికి కళ్ళల్లో నీళ్లు తిరిగాయి. మూడేళ్లుగా ఈ ఒక్క పిలుపు కోసం ఎంత మొహం వాచిపోయి ఉందో ఆమెకు ఆ క్షణాన తెలిసింది. తన ఇంటి నాణెం మీది సింహాలనే పిల్లులు అన్నానని తలచుకుని తానూ పడీపడీ నవ్వింది. నవ్వు తగ్గాక, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది వకుళా. నాకు కళ్లు కుట్టాయి," అంది.

"కుట్టాలనేగా పిలిచాను," అంది వకుళ. "లేకపోతే అన్నం ముందు నాణెం వడ్డిస్తానా?"

యంత్రం మర్యాదగా గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న చప్పుడు చేసి, ఈ ఇద్దరు పరీక్షకుల ఫలితాలనూ పేర్లతో సహా సభకిచ్చే నివేదికలో చేర్చమంటారా అని అడిగింది. సభ్యులు ఒప్పుకుంటే వాళ్ల నాణేలకూ ఇలాగే పేర్లు మార్చి పెడతానంది.

స్నేహితురాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈ యంత్రానికి డెబ్బైకి ఎన్ని వేస్తావే?" అంది సుభాషిణి.

"కలిసి చెబుదాం," అంది వకుళ.

"పన్నెండు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇద్దరు పరీక్షకుల మధ్య తేడా సున్నా," అంది యంత్రం, ఆ వాక్యాన్నీ నివేదికలో చేర్చేసుకుంటూ.