కాకిపాదం ఉన్న రవ్వ

సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సుల్లేవు, బడుల్లేవు. గోపన్‌పల్లిలోని ఆ నాలుగో అంతస్తు ఫ్లాటులో మాత్రం ఇడ్లీలు ఎప్పటిలాగే ఏడున్నరకే దిగాయి. ఉద్యమం వచ్చినా ఉప్పెన వచ్చినా మునిస్వామికి ఆ వేళకు టిఫిన్ పడాలి. ఆదోనిలో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గర చేరినా ఆ అలవాటు పోలేదు.

పార్వతమ్మ పూజగదిలోంచి చిన్న వెండి డబ్బా తెచ్చి కోడలు జ్యోతి చేతిలో పెట్టింది. అందులో ఏడు రాళ్ల రవ్వల కమ్మలున్నాయి. ఆమె తల్లి నాటివి. చెవి తమ్మెలు సాగిపోయాయని పార్వతమ్మ వాటిని పెట్టుకోవడం మానేసి మూడేళ్లయింది.

"వచ్చే వారం పాపకు చెవులు కుట్టిస్తాం గదా. కమ్మకొక రాయి తీపిచ్చి దానికి పోగులు చేపిచ్చు. మిగిలిండేవి నువ్వు పెట్టుకో. నా చేత్తో ఇస్తాండా."

జ్యోతికి కళ్లు చెమర్చాయి. ఆమెది జనగామ వైపు. తండ్రి కొమురయ్య ఆటో నడుపుతాడు. మాదాపూర్ ఆఫీసులో పరిచయమైన దినేష్‌ను చేసుకుని ఏడాదిన్నరయింది, పాప పుట్టింది, అయినా ఆ ఇంట్లో ఇంకా చుట్టంలాగే మసలుతోంది. ఈ డబ్బాతో తను ఈ ఇంటి మనిషయిందని ఆమెకు మొదటిసారి అనిపించింది.

మునిస్వామి పేపరు దించాడు. "పోతే మూసాపేటలో కంసాలి ఓబులేసు దగ్గరికి పోండి. మన ఆదోనోడు. ఈ కాలంలో మనోళ్లను తప్ప ఎవర్నీ నమ్మేదానికి లేదు."

"సికింద్రాబాద్ల నరసింహమూర్తి అని పెద్దాయన ఉన్నడు మామయ్యా. మా బాపు ఆయన కారు పదేండ్లు నడిపిండు. మన కండ్ల ముంగట్నే తూకమేసి, కాయితం మీద రాసి, సంతకం పెట్టించుకున్నంకనే రాయి ముట్టుకుంటడు."

"కాగితాలు అడిగేటోడు మనిషిని నమ్మనోడమ్మా. మనిషిని నమ్మనోడిని మనమెట్ల నమ్మేది?"

మునిస్వామి తర్కం అలా ఉంటుంది. దానికి జవాబు చెప్పి నెగ్గినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. కానీ ఆ రోజు పార్వతమ్మ, "పిల్లకు ఇచ్చినాక పిల్ల ఇష్టం," అనేసింది. జ్యోతి తండ్రి ఆటోలో బయలుదేరింది. మోకాళ్ల నొప్పులతో పార్వతమ్మ వెంట వెళ్లలేకపోయింది. వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో.

ఒంటిగంటకు జ్యోతి తిరిగొచ్చింది. చెప్పులు విప్పి, డబ్బా బల్ల మీద పెట్టి అలాగే నిలబడిపోయింది.

"అత్తమ్మా, ఇవి వజ్రాలు కావంట."

జరిగింది ఆమే చెప్పింది. నరసింహమూర్తి అద్దం పెట్టి చూశాడట. వజ్రమైతే కూత పెట్టే చిన్న మిషను మొన పద్నాలుగు రాళ్లకూ ఆనించాడట, ఒక్కదానికీ కూత రాలేదట. బంగారం పాతదే, రాళ్లు మాత్రం కొత్తవట. అన్నీ కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం కూడా ఆమె బల్ల మీద పెట్టింది.

మునిస్వామి దాన్ని ముట్టుకోలేదు. "పొద్దున ఇంట్లోంచి పోయేటప్పుడు రవ్వలు. మీ నాయన ఆటో ఎక్కి, మీ నాయన మనిషి దగ్గరికి పోయొచ్చినాక గాజుపెంకులు. ఇదేం మాయ?"

"మామయ్యా, ఏమంటున్నరు మీరు?"

"నేనేమంటా? జరిగింది చెప్తాండా."

దినేష్ లాప్‌టాప్ మూసి లేచాడు. "నాయనా, ఊరుకో." అంతే అన్నాడు. ఆ రెండు మాటలతో తన బాధ్యత తీరిపోయినట్టు నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. భార్య పక్కన వెళ్లి నిలబడటానికి నాలుగడుగులు చాలు. ఆ నాలుగడుగులూ వేయలేదు.

"తప్పు చెయ్యకుంటే పాప తల మీద చెయ్యేసి చెప్పు," అన్నాడు మునిస్వామి.

పార్వతమ్మ అడ్డుపడబోయింది. అప్పటికే జ్యోతి ఉయ్యాల దగ్గరికి నడిచింది. నిద్రపోతున్న బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నేను గాని మా బాపు గాని రాళ్లు మార్చలే. సాలా?"

గదిలోకి వెళ్లి బ్యాగులో బట్టలు సర్దుకోసాగింది. దినేష్ గుమ్మం దగ్గర నిలబడి, "జ్యోతీ, ఆయన సంగతి నీకు తెలుసు కదా," అన్నాడు. "నీ సంగతి గూడ ఇయ్యాల తెలిసింది," అంది ఆమె.

హాల్లో పార్వతమ్మ కమ్మలను కిటికీ వెలుతురుకు పెట్టి, కళ్లజోడు దగ్గరకు తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"కాకిపాదం యాడికి పోయింది?" అంది మెల్లగా.

"ఏంది?" అన్నాడు మునిస్వామి.

"ఎడమ కమ్మ నడిమి రాయిలో నల్లగా సన్న గీత ఉండె. కాకి అడుగు మాదిరి. దాన్ని చూసే మన రాళ్లని గుర్తుపట్టమని మాయమ్మ చెప్తాండె. దీంట్లో ఒక్క మచ్చా లేదు."

మునిస్వామి చూపు తిప్పుకున్నాడు. ఆయన ముఖం చూసి పార్వతమ్మ కమ్మలు కింద పెట్టేసింది.

"ఏం చేసినావు? చెప్పు."

చెప్పాడు. దినేష్ ఈ పెళ్లి మాట ఎత్తిన నెలలోనే, తను ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆ కమ్మలు ఓబులేసుకు చూపించాడు. కాకిపాదమున్న రవ్వ ఇంట్లో ఉంటే సంతానం మాట వినదన్నాడు ఓబులేసు. మూడు దినాలు తన దగ్గర పెడితే ఆ ఒక్క రాయీ మార్చి ఇస్తానన్నాడు. మునిస్వామి నమ్మి ఇచ్చేశాడు, తూకం వేయించలేదు, రసీదు తీసుకోలేదు. మనోడిని కాగితం అడిగితే బాగుండదనుకున్నాడు.

"ఆ దోషం పోతే ఈ పెళ్లి తప్పిపోతుందనుకుంటి," అన్నాడు చివరికి.

ఆ మాట అనేసరికి జ్యోతి బిడ్డను ఎత్తుకుని, బ్యాగుతో హాల్లో నిలబడి ఉంది. అంతా వింది.

దినేష్ ఓబులేసుకు ఫోను చేశాడు. ఆ నంబరు పనిచేయడం లేదు. మూసాపేటలో ఉండే స్నేహితుణ్ణి పంపితే, ఆ దుకాణం పోయినేడే ఎత్తేశారని, అక్కడిప్పుడు మెస్సు నడుస్తోందని చెప్పాడు. ఆ మనిషి ఎక్కడున్నాడో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఇక ఆ రాళ్లు దొరికే దారి లేదు.

జ్యోతి ఫోను చేస్తే వచ్చిన కొమురయ్య ఆటో కింద గేటు దగ్గర ఆగి ఉంది, బిడ్డతో ఆమె అప్పటికే దిగి దాని పక్కన నిలబడింది. మునిస్వామి చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చాడు. కోడలి ఎదుట చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందమ్మా. పైకి రా."

జ్యోతి అరవలేదు. "ఓబులేసును ఒక్క కాయితం అడగలే మామయ్యా మీరు. నన్నయితే పిల్ల తల మీద ఒట్టు అడిగిన్రు."

కొమురయ్య వియ్యంకుణ్ణి ఒక్క మాట అనలేదు. కూతురి చేతిలోని బ్యాగు అందుకుని ఆటోలో పెట్టాడు.

"చెవులు... ఎప్పుడు కుట్టిస్తారు?" అని అడిగాడు మునిస్వామి.

"అనుకున్న దినమే. యాపపుల్లలు పెట్టి కుట్టిస్తం. అత్తమ్మకు మోకాళ్లు నొస్తయి గదా, మా బాపు వచ్చి తోల్కపోతడు." ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "మీరొస్తే రావొద్దని అనను."

ఆటో వెళ్లిపోయింది. మునిస్వామి పైకెక్కలేక మూడో మెట్టు మీద కూలబడ్డాడు. ఎంతసేపటికో పార్వతమ్మ గోడ పట్టుకుని దిగి వచ్చి పక్కన కూర్చుంది. వెండి డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది.

"మచ్చ తీపిస్తానని పోయి రాయినే పోగొట్టుకొని వస్తివి," అంది.

"రాళ్లు పోతే పోనీలే పార్వతీ," అని మునిస్వామి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఆ పిల్ల నన్ను మామయ్యా అనే పిలిచింది, చూస్తివా? పోతాపోతా గూడా అట్లే పిలిచింది."