నెత్తి మీద చెయ్యి

గుండ్లపోచంపల్లి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయినా, నా జామతోట మాత్రం అమ్మనని మొండికేశాను. తొంభై ఏడు చలికాలంలో, తోటలోని పాడుబడ్డ మోటారు గది కింద నక్క ఈనింది. మూడు పిల్లలు. ఒళ్లంతా తెలుపు, నెత్తి మీద మాత్రం ఎర్రటి మచ్చ. పొద్దుగూకే వేళ బయటికొచ్చి వరుసగా కూర్చునేవి. బీడీ కూడా ముట్టించకుండా చూసేవాణ్ణి.

ఆ ముచ్చట దాచుకోలేక తమ్ముడు జనార్ధన్‌ను పిలిచాను. ప్లాట్ల వ్యాపారి. నక్క నెత్తి మీద మొలిచే కొమ్ము గల్లాపెట్టెలో ఉంటే లక్ష్మి కదలదని నమ్మే మనిషి. అందుకే ముందు ఒట్టు వేయమన్నాను.

"వాటి జోలికి పోను. నీ మీద ఒట్టు అన్నా," అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. పిల్లల్ని చూసి గుసగుసగా నవ్వాడు. "గోరింటాకు పెట్టుకున్నయే, పెండ్లికి పోతున్నట్టు."

ఆ వారమే శామీర్‌పేటలో చుట్టాలింట్లో దినాలకు వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చాను. తోటంతా మిరపకాయల పొగ వాసన. కీచురాళ్లు కూడా అరవడం లేదు. బొరియ ముందు మట్టి కమిలి ఉంది.

దగ్గరికి పోయాను. అంతలో... పిల్లలు బయటికొచ్చాయి.

"బతికే ఉన్నరా బిడ్డా," అన్నాను.

వరుసగా కూర్చున్నాయి. వాటి కింద ఎండుటాకు కదల్లేదు. వంగి చూశాను... నెత్తి మీద మచ్చలు లేవు. ఆ చోట గుంటలు. కళ్లు తెరిచే ఉన్నాయి. నా ముఖం వైపు కాదు... నా నెత్తి వైపు చూస్తున్నాయి.

వెనక్కి జరిగితే కాలికి మెత్తగా తగిలింది. తల్లి నక్క. పక్కనే మూడు పిల్లలు... బిగుసుకుపోయి, చీమలు పట్టి. తల తిప్పి చూస్తే బొరియ ముందు ఏమీ లేదు.

జనార్ధన్ ఇంటికి పరుగెత్తాను. గల్లాపెట్టెకు పసుపు రాస్తున్నాడు.

"నా నెత్తి మీద ఒట్టేసినవ్ గదరా."

వాడు తలెత్తలేదు. "ఒట్టు తప్పితే తగిలేది నీకు గదా అన్నా. మంచిగనే ఉన్నవ్. ఇగ పరేషాన్ ఏంది?"

తెలిసే ఒట్టు వేశాడు. నేను పిల్లలు లేనివాణ్ణి. నేను పోతే తోట ఎవరిదో కూడా వాడికి తెలుసు.

వారానికి మంగలి జంగయ్య వచ్చాడు. నేను తలపాగా తీయగానే కత్తి ఆపాడు.

"పటేలా... గోరింటాకు పెట్టినవా?"

అద్దం పట్టాడు. నా తెల్ల జుట్టు మధ్య ఎర్రగా, ఐదు వేళ్ల అచ్చు. జనార్ధన్ చెయ్యి పెట్టిన చోటే.

"గొరుగు," అన్నాను.

గొరిగాడు. రాలినదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. వెంట్రుకలు కావు... నక్కపిల్ల బొచ్చు.

ఇంకా వెచ్చగా ఉంది.