అసలు సరుకు

"నకిలీదైతే కస్టమ్స్ వాళ్లు చూసుకునేవాళ్లు. ఇది అసలు సరుకు. అందుకే మన నెత్తిన పడింది," అన్నాడు గూఢచారి శాఖ కర్నల్ సాగిన్‌బాయెవ్.

బల్ల మీద ఫొటో. ఫ్యాక్టరీ సీలు చెక్కుచెదరని గైరోస్కోపులు. క్షిపణికి దారి చూపేవి. విక్టర్ అనే విదేశీ ఏజెంటు వాటిని యుద్ధానికి చేరవేస్తున్నాడు. బిష్కెక్ దొర్దోయ్ బజారులోకి దొంగచాటుగా మందులొచ్చే లైనునే వాడుకుంటున్నాడు. ట్రక్కు బయల్దేరేది రేపు పగలు పదకొండుకి.

"విక్టర్‌ని పట్టుకో. ఆ లైను మూసెయ్. ఒక్క కన్నం మిగలకూడదు."

"యస్, సార్."

ఏజెంట్ జానిష్ ఫొటో జేబులో పెట్టుకున్నాడు. అతని కూతురు ఐపెరికి మూర్ఛరోగం. దాని మందుకు దేశంలో రిజిస్ట్రేషన్ లేదు. మూడేళ్లుగా ఆ లైన్లోనే వస్తోంది.

మర్నాడు పదిన్నర. నెరిసిన పెట్టుడు గడ్డం, తెల్ల ఫెల్టు టోపీ, టోపీలో రిమోట్ సిగ్నళ్లని ఆపే జామర్. బూట్ల వ్యాపారి వేషంలో జానిష్ ఆ కంటెయినర్ కొట్టు ముందు ఆగాడు.

"ముప్పై ఎనిమిది సైజుందా?"

"ఎడమకాలిదే ఉంది."

కోడ్ కలిసింది. పట్టు స్కార్ఫు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో నుర్జాత్ నవ్వింది. విక్టర్‌కి భాగస్వామి, జానిష్ శాఖకి ఇన్‌ఫార్మర్. ఐపెరి మందు తెచ్చేదీ ఆమే. లోపల విక్టర్ కూర్చునే ఉన్నాడు.

నుర్జాత్ ఇద్దరికీ టీ పోసింది. విక్టర్‌కి సగం గిన్నె. జానిష్‌కి అంచుదాకా.

"బూట్లాయనకి నిండుగా, నాకు సగమా! ఏం తల్లీ, ముసలాడి మీద మనసు పడ్డావా?"

"కొత్త బేరం కదా, మర్యాద చెయ్యొద్దూ!"

పిచ్చివాడు, అనుకున్నాడు జానిష్. మా ఇళ్లల్లో అతిథికి సగమే పోస్తాం, మళ్లీ మళ్లీ పోయడానికి. నిండా పోశామంటే తాగి లేచి పొమ్మని.

నుర్జాత్ విక్టర్‌కి రాని కిర్గిజ్‌లో గొణిగింది. "పాప మందు పెట్టె గుమ్మం దగ్గరుంది. తీసుకుని పో అన్నా. ట్రక్కు కింద బాంబుంది. పట్టుబడితే పేలుస్తాడు."

ఆ పెట్టెలో ఆరు నెలల మందు. చెయ్యి చాపితే అందుతుంది. కానీ జానిష్ లేచి వెళ్తే సరుకుతో ట్రక్కు కదిలిపోతుంది. బయట బజారు నిండా జనం, బాంబు పేలకుండా ఆపేది ఈ జామరే. అతను కదల్లేదు. టోపీ సర్దుకుంటున్నట్టు జామర్ మీట నొక్కి, బయటివాళ్లకి సంకేతంగా దగ్గాడు.

కమాండోలు దూసుకొచ్చారు. విక్టర్ రిమోట్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఏమీ కాలేదు. మూడోసారి నొక్కబోతుంటే బేడీలు పడ్డాయి.

కొట్లోని ప్రతి పెట్టెకీ సీలు వేశారు. గుమ్మం దగ్గరి దానికీ వేశారు.

"తీసుకుపొమ్మన్నాను కదా అన్నా," అంది నుర్జాత్. "ఇంకెవరు తెస్తారిప్పుడు?"

జానిష్‌కి ఏడుపొచ్చింది. గడ్డం పీకేస్తూ అక్కడే ఏడ్చాడు.

సాయంత్రం కర్నల్ చెయ్యి కలిపి, మెచ్చుకుని, లేచి తలుపు మూశాడు. గొంతు తగ్గించాడు.

"జానిష్... మా ఆవిడ గుండె మందు కూడా నుర్జాతే తెచ్చేది. ఇంకో లైనేదైనా తెలుసా నీకు?"

"తెలిస్తే రేపు దాన్నీ మూసెయ్యాలి కదా, సార్."